సీసాకు ఎడమవైపు

పొద్దుటి నుంచీ నిలబడి ఫోటోగ్రాఫరు కాళ్లు పీక్కుపోతున్నాయి. తెల్లారేసరికి ప్రకటన కోసం అత్తరు సీసా ఫోటో ఇవ్వాలి. కాగితం మీద గీసుకున్న ప్రకారం లైటు ఒక్కటే, కుడివైపున. ఎడమవైపంతా చీకటే ఉండాలి. కానీ కెమెరాలోంచి చూస్తే సీసా ఎడమ అంచున మెత్తని వెలుగు కనిపించింది, ఎవరో లైటు వెలుగును సీసా మీదికి తిప్పికొట్టే తెల్లటి థర్మోకోల్ అట్ట ఎత్తి పట్టుకున్నట్టు.

"బావా, కాస్త దించు," అన్నాడు, కెమెరా మీంచి కన్ను తియ్యకుండానే.

ఇరవై ఏళ్లుగా ఆ అట్ట పట్టింది బావే. "నా చేతులేమన్నా ఇనప స్టాండ్లట్రా?" అని విసుక్కుంటూనే పట్టేవాడు.

అన్నాక గుర్తొచ్చింది, బావ పోయి నెల దాటిందని. స్టూడియోలో తనొక్కడే. లైటు గుయ్యిమంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

సీసా మీద వెలుగు మెల్లగా కిందికి దిగింది. ఆగింది. కాసేపటికి, చేతులు లాగుతున్నట్టు, సన్నగా వణకసాగింది.