తేలికైన తుపాకీ

“ఇది వద్దండి, బరువుగా ఉంది,” అంటూ ప్రకాశరావు మాస్టారు తుపాకీని తిరిగి గాజుబల్ల మీద పెట్టారు.

తెనాలిలో కోటిబాబుది ఆటసామాన్ల దుకాణం. కోతుల్ని బెదిరించడానికి రైతులు కొనే ఎయిర్‌గన్‌లు కూడా ఉంటాయి. మాస్టారు మాత్రం అడవికి కావాలన్నారు.

“ఎవరికండి?”

“మా అమ్మాయి కావేరికి. బాపట్ల కాలేజీలో ఎన్‌సీసీ. గురి బాగా కుదురుతుంది.”

“ఓహో, క్యాంపా! అమ్మాయి ఏపాటి మనిషండి?”

మాస్టారు తన అరచెయ్యి చూసుకున్నారు. “చాలా తేలికండి. మొన్న ఒక్క చేత్తో ఎత్తాను.”

“ఈ కాలం పిల్లలు అన్నం ముడితేగా! అంతా నూడుల్సే.” కోటిబాబు నవ్వి ఇంకొకటి తీశాడు. “ఇది గ్యాస్‌ది. మెత్తగా పేలుద్ది.”

“గ్యాస్ అయిపోతే?”

“నింపించుకోవాలండి.”

“అక్కడ నింపేవాళ్ళు ఉండరు.”

“అయితే ఇదే మీకు, తేలిక కూడా.” మూడోది తీసి, గొట్టాన్ని మధ్యకి వంచి, గుండు పెట్టి, టక్కున మూశాడు. “చేతి బలం చాలు. తడిసినా తుడుచుకుంటే సరి. దారిలో వాగులేమైనా ఉన్నాయా?”

“నది ఉంది. దాటడానికి ఏర్పాటు చేశాను.”

“గట్టివారే! ఎన్నాళ్ళేంటి క్యాంపు?”

“ఏడాది నడక అంటారు.”

కోటిబాబు చెయ్యి ఆగింది. “ఏడాదా! ఆడపిల్లని ఒంటరిగా పంపుతారా మాస్టారూ? మీరు తోడు వెళ్ళొచ్చుగా?”

“అడిగానండి. కుదరదన్నారు.”

ఆయన కాళ్ళ దగ్గర సంచిలోంచి కొత్త గొడుగు, చెప్పులు, దుప్పటి కనబడుతున్నాయి.

“అవి వాళ్ళు తెమ్మన్నవి,” అన్నారు మాస్టారు. “ఇది నేను అనుకున్నది. దారి మొదట్లోనే కుక్కలుంటాయట. దానికి కుక్కలంటే చచ్చేంత భయం. రేపల్లె స్టేషన్లో దిగిందంటే ఇంటిదాకా నా చెయ్యి వదలదు.”

బయట ఎండ మండిపోతోంది. కోటిబాబు ఎందుకో లేచి ఫ్యాను కట్టేశాడు.

“ఇది చంపదండి. బెదిరిస్తుందంతే.”

“చాలు. చంపడం మా అమ్మాయికి చేతకాదు.”

“పేరు చెక్కమంటారా? షీల్డుల మీద చెక్కే మిషనుంది. క్యాంపుల్లో ఒకళ్ళవి ఒకళ్ళు పట్టుకుపోతారు.”

“చెక్కండి. దానికే చేరాలి.”

మిషను సన్నగా మూలిగింది. గొట్టం మీద ‘కావేరి’ తేలింది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదివారు.

“ఏత్వం ఇంకొంచెం స్పష్టంగా రావాలండి. అక్కడ ఎవరూ పొరబడకూడదు.”

కోటిబాబు దిద్దాడు. “పక్కన ఇవాళ్టి తేదీ వేసేదా?”

“రేపటిది వేయండి.”

“రేపేనా ప్రయాణం?”

మాస్టారు వంగి సంచి భుజాన వేసుకున్నారు.

“రేపు దాని పెద్దకర్మ.”