నీలం చొక్కా

"గేటు ముందు ఇస్త్రీ బండి తీయించాలని కాగితం రాశామండి. మీరూ ఓ సంతకం పెట్టండి," అన్నాడు అపార్టుమెంటు సెక్రటరీ.

మధుసూదన్ చదవకుండానే పెట్టేశాడు.

ఉద్యోగం పోయి నాలుగు నెలలు. అతను చదివిన పెద్ద యూనివర్సిటీ గోడ గోపన్‌పల్లిలోని అతని బాల్కనీలోంచి కనిపిస్తుంది. చదువు కన్నా పరిచయాలే ముఖ్యమని అక్కడ రెండేళ్లూ పనికొచ్చేవాళ్ల వెంటే తిరిగాడు. బ్యాచ్ గ్రూపులో రెండు వందల పన్నెండు మంది. ఉద్యోగం పోయిందని రాస్తే ముప్పై మంది బొటనవేలు బొమ్మ పెట్టారు.

ఎవరూ ఫోన్ చేయలేదు.

రేపు ఇంటర్వ్యూ. రేపటి చొక్కాతో పాటు మరో నాలుగు బట్టలు తీసుకుని బండి దగ్గరికి దిగాడు. ఐలయ్య ఒకప్పుడు ఆ యూనివర్సిటీ హాస్టల్ వెనకే ఇస్త్రీ చేసేవాడు.

"ఏ కంపెనీ సార్?"

"నీకెందుకు? మడత సరిగ్గా పెట్టు."

"హాస్టల్ల గూడ గిట్లనే తిట్టిండ్రు. నీలం చొక్కా ఒకరోజు లేటైందని."

"తిట్టనా మరి? సాయంత్రం ఇస్తానని మర్నాడు ఇచ్చావు."

ఐలయ్య నవ్వాడు. "కంపెనీ పేరు చెప్పుర్రి సార్."

చెప్పాడు.

"అండ్ల మన శివశంకర్ సారే గద పెద్దాయన. నేనొక మాట చెప్త."

శివశంకర్ అతని బ్యాచే, గ్రూపులో మాత్రం లేడు. బక్కగా, మాసిన బట్టలతో ఉండేవాడు. పనికొచ్చేవాడు కాదని మధుసూదన్ ఏనాడూ పలకరించలేదు.

"నువ్వు చెప్తే వింటాడా?"

"ఫికర్ జెయ్యకుర్రి."

మర్నాడు ఇంటర్వ్యూ అయ్యాక శివశంకర్ తనే బయటికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"నాకెందుకు చెప్పలేదు మధూ? పొద్దున ఐలయ్య ఫోన్ చేస్తే తెలిసింది."

"నేను గుర్తుంటానో లేదోనని..."

"నా మొదటి ఇంటర్వ్యూకి చొక్కా పంపినవాణ్ణి మర్చిపోతానా? నాకున్న రెండు చొక్కాలకీ కాలర్లు చిరిగిపోయాయి. 'మధుసూదన్ సార్ పంపిండు, ఎవరికీ చెప్పొద్దన్నడు' అని ఐలయ్య నా రూముకు తెచ్చిచ్చాడు. నీలం చొక్కా. మర్నాడు పొద్దున్నే అతని చేతికే తిరిగిచ్చాను. నువ్వు చెప్పొద్దన్నావని నేనూ ఇన్నేళ్లు ఆ మాట ఎత్తలేదు."

కాదని చెప్పే ధైర్యం మధుసూదన్‌కి లేదు.

ఉద్యోగం వచ్చింది.

సాయంత్రం మిఠాయి పెట్టె పట్టుకుని గేటు దగ్గర ఆటో దిగాడు. బండి లేదు. నేల మీద బొగ్గు మరక మిగిలింది.

"మధ్యాన్నం తీయించిన్రు సార్," అన్నాడు వాచ్‌మన్. "మీ మిగిలిన బట్టలు ఇస్త్రీ జేసి నాకిచ్చి పోయిండు."

"ఏమన్నా అన్నాడా?"

"సంతకాల కాగితం సదివిచ్చుకున్నడు. మీ పేరు రాంగనే మల్లొక్కసారి సదువుమన్నడు. ఇగ పోయేటప్పుడు, సార్ ఇంటర్వ్యూ ఎట్లైందో అడుగుమన్నడు."

మధుసూదన్ ఫోన్ తీశాడు.

అందులో వెయ్యికి పైగా పేర్లున్నాయి. ఐలయ్య నంబరు మాత్రం శివశంకర్ దగ్గరే ఉంది.