ఆవిడ రాసిన ఆఖరి లైను

"లాభం లేదండీ. ఇది పోయింది" అన్నాడు మెకానిక్, పాత కంప్యూటర్ పెట్టె మూత తీస్తూనే. లోపలంతా మాడువాసన.

"పోవడమేమిటి? మొన్న సాయంత్రం దాకా లక్షణంగా పనిచేస్తేనూ!" అన్నాడు పెద్దాయన. దుప్పట్లో మూటకట్టి ఆ బరువంతా తనే మోసుకొచ్చాడు. ఆయాసం ఇంకా తీరలేదు.

"అయినా నేను చేతిలో పెట్టుకుని ఆడుకునే గేములు బాగుచేసేవాణ్ణి. బయట బోర్డు చూళ్లేదా?"

"కళ్లజోడు ఎక్కడ పెట్టి చచ్చానో కనబడటం లేదు బాబూ. వీధిలో నలుగురూ నవ్వి పంపేశారు. ఇలాంటి ముసలి సామానంటే నీకే పిచ్చని నీ కొట్టు చూపించారు."

ఆ పిచ్చి మాట నిజమే. అరచేతిలో ఇమిడే గేమ్ మిషన్లో ముప్పై ఏళ్ల కిందటి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు మిణుకుమంటుంటే మురిసిపోయే మనిషి అతను. చూసినవాళ్లందరూ "ఇది దేనికి పనికొస్తుంది?" అని అడిగారు. దేనికీ పనికిరాదు. కాకపోతే స్విచ్ వేయగానే ఈ రోజు తేదీ ఎంత అని అడిగి, అతను చెప్పేదాకా ఓపిగ్గా కాచుకుని ఉంటుంది. రిపేరు గొడవ కాకుండా రోజు మొత్తంలో అతన్ని ఏదైనా అడిగేది అదొక్కటే.

"ఇంతకీ ఇందులో ఏముందండీ?"

"మా ఆవిడ రాసినవి. అన్నీ ఇందులోనే ఉన్నాయి."

మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఆవిడ..." అని, ఎలా అడగాలో తెలియక ఆగిపోయాడు.

"ఆవిడ గొంతు విని ఆరేళ్లయింది" అన్నాడు పెద్దాయన గోడ వైపు చూస్తూ.

మెకానిక్ ఇక కాదనలేదు. డిస్కు విప్పి వైరు తగిలించి చూశాడు. అదృష్టం, అది బతికే ఉంది.

"అన్నీ ప్రింటు తీసిస్తాను. కాగితాలైతే ఎప్పుడంటే అప్పుడు చదువుకోవచ్చు."

"కాగితాలు నాకెందుకయ్యా? తిరిగి రాసుకోవడానికి వీలుండాలి. తెర కూడా అచ్చం అదే కావాలి. ఆవిడకి అలవాటైంది అదే."

పాపం, పోయిన మనిషికి జవాబులు రాసుకుంటున్నాడు కాబోలు అనుకున్నాడు మెకానిక్. క్షణం తటపటాయించి, అద్దాల బీరువాలోంచి, అదే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు ఉన్న తన సొంత గేమ్ మిషన్ తీశాడు. ఇన్నాళ్లూ ఎవరి చేతికీ ఇవ్వనిది. డిస్కులో ఉన్నదంతా అందులోకి ఎక్కించి, రాసుకోవడానికి విడిగా ఒక చిన్న కీబోర్డు తీసి పక్కన పెట్టాడు.

ఉన్నది ఒకటే ఫైలు. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో. పాత పెట్టెలో గడియారం బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది కాబట్టి, ఫైలు మీద తేదీ నలభై ఏళ్ల వెనకటిది పడింది. ఏది ఎప్పుడు రాసిందో తెలిసే దారి లేదు. సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని చదవడం మొదలుపెట్టాడు.

'మబ్బు పట్టింది. గొడుగు తలుపు వెనక ఉంది.'

'కూర మాడింది నిజమే. మొహం అలా పెట్టక్కర్లేదు.'

'రాత్రంతా దగ్గుతున్నారు. వేడినీళ్లు ఫ్లాస్కులో పోశాను.'

ఎంత కిందికి జరిపినా ఇవే. మధ్యమధ్యలో పెద్దాయన జవాబులు, ముక్తసరిగా: 'సరే.' 'తాగాను.' 'బిల్లు కట్టేశాను.'

మెకానిక్‌కి ఏడుపొచ్చినంత పనైంది. కొట్టు వెనక గదిలో అతనికీ ఒక గొడుగుంది. అది ఎక్కడుందో చెప్పే దిక్కే లేదు. ఇన్నేళ్లలో ఒక్క మనిషి కూడా తన కోసం ఇలాంటి ఒక్క లైను రాయలేదు. ఈయన ఎంత పెట్టిపుట్టాడో, ఎంత పోగొట్టుకున్నాడో అనుకున్నాడు.

"వచ్చేసిందండీ, మొత్తం వచ్చేసింది" అన్నాడు.

పెద్దాయన మిషన్ అందుకుని ముక్కుకి ఆనించి చూశాడు. దూరం పెట్టి చూశాడు. అరచేతంత తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. లాభం లేక తిరిగి ఇచ్చేశాడు. "ఆవిడ రాసిన ఆఖరి లైను ఒక్కటి చదివిపెట్టు బాబూ."

మెకానిక్ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. అలాంటి మాట కూర్చుని చదవబుద్ధి కాలేదు. ఫైలు చివరికి జరిపి, మెల్లగా చదివాడు.

"'మీ కళ్లజోడు ఫ్రిజ్ మీద ఉంది. దాని కోసం ఇల్లు పీకి పందిరి వేయకండి.'"

"హమ్మయ్య!" పెద్దాయన నుదురు కొట్టుకున్నాడు. "రెండు రోజులుగా వెతకని చోటు లేదు!"

మెకానిక్ తెర వంకా ఆయన వంకా మార్చి మార్చి చూశాడు. "అంటే... ఆవిడ... ఉన్నారా?"

"ఉండక ఎక్కడికి పోతుంది? ఇంట్లో నా పక్క గదిలోనే ఉంది" అంటూ పెద్దాయన మిషన్‌ని జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ముందు ఎవరు మాట్లాడాలో ఆరేళ్లుగా తేలలేదు, అంతే."