కలిసే ఉంటున్నం

"ఈ పిల్లకు కాన్పు కాదని ఒక్క మాట చెప్పు డాక్టరమ్మా! నువ్వు చెప్తేనే పెద్దమనుషులు ఒప్పుకుంటరు. వడ్డేపల్లిల పిల్లను గూడ చూసి పెట్టుకున్న," అంది అనంతమ్మ, కుర్చీలో కూర్చోకుండానే.

ఆమె వెనక కొడుకు దినేష్, కోడలు రజని గోడకు ఆనుకుని నిలబడ్డారు. గద్వాలలో చీరలు నేసే ఇల్లు వాళ్లది. పెళ్లయి ఆరేళ్లయినా ఆ ఇంట్లో ఊయల కట్టే పని పడలేదు.

డాక్టర్ షాజియాకు ఒళ్లు మండింది. ఆమె కూడా గద్వాల పిల్లే. చెన్నైలో లైంగిక ఆరోగ్యం మీద పీజీ చేసి వచ్చి, బజారులో బోర్డు పెట్టింది. ఆ బోర్డు చదివిన మగవాళ్లు గబగబా రోడ్డు అవతలికి మారిపోయేవారు. ఆడవాళ్లు మాత్రం నడుంనొప్పి అనో తలనొప్పి అనో ఒక సాకు పట్టుకుని లోపలికి వచ్చేవారు.

"పరీక్షలన్నీ చేసిన పెద్దమ్మా. ఆమెల ఏం లోపం లేదు. నీ కొడుకుల గూడ లేదు."

"లేకుంటే ఎందుకు కాలే మరి? నేనేమన్న అడ్డమొచ్చిన్నా? పొద్దంత షావుకారింట్ల నూలు కండెలు చుట్టుకుంట కూసుంట. ఇంట్ల ఉండేది వాళ్లిద్దరు, మగ్గం, అంతే కదా!"

ఆ మాట పూర్తికాకముందే అనంతమ్మకు దగ్గు తెర వచ్చింది. ఊపిరాడక ముందుకు వంగిపోయింది. దినేష్ ఒక పక్క, రజని ఒక పక్క చేరి ఆమెను నిటారుగా కూర్చోబెట్టారు. ఒకరు వీపు రాస్తుంటే ఒకరు చెయ్యి పట్టుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బాగా అలవాటైన పనిలా ఉంది.

"దమ్ము మేడం. రాత్రయితే మస్తు పరేషాన్ అయితది," అంది రజని.

తనను వదిలించుకోవడానికి వచ్చిన అత్తను అంత జాగ్రత్తగా పట్టుకున్న ఆ పిల్లను చూస్తే షాజియాకు గుండె తరుక్కుపోయింది. ఎలాగైనా ఈ కాపురం నిలబెట్టాలనుకుంది.

అనంతమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ముందు రజనిని పిలిచింది. పుస్తకాల్లో మాటలు అడిగితే జనం బెదిరిపోతారని, వాళ్ల మాటల్లోనే అడగాలని పీజీలో ప్రొఫెసర్ పదే పదే చెప్పేవాడు. షాజియాకు ఆ సలహా భలే నచ్చింది. నిజం చెప్పాలంటే, ఎంత చదివినా సొంత ఊళ్లో తెలిసిన ముఖాల ముందు ఆ సంగతి పచ్చిగా అడగడానికి ఆమెకూ నోరు రాలేదు.

"నువ్వు, ఆయన కలిసే ఉంటున్నరా రజనీ?" అంది మెల్లగా.

రజని తల వంచుకుంది. "కలిసే ఉంటున్నం మేడం."

"రోజూనా?"

"రోజూ మేడం. దసరకు గూడ తల్లిగారింటికి పోలే."

"ఏమన్న ఇబ్బంది అనిపిస్తదా?"

"ఇబ్బంది ఏముంటది? ఆయన మంచోడు."

తర్వాత వచ్చిన దినేష్ కూడా సిగ్గుతో మెలికలు తిరుగుతూ అదే చెప్పాడు. "కలిసే ఉంటున్నం మేడం." అంత సిగ్గుపడ్డాడంటే విషయం అర్థమైందనే అనుకుంది షాజియా. ఇక అడగడానికి ఆమెకు ఏమీ మిగల్లేదు.

"ఇంకొక్క ఏడాది ఆగు పెద్దమ్మా," అని బతిమాలింది.

"నేనైతే ఆగుత. నా దమ్ము ఆగుతదా డాక్టరమ్మా? ఈ ఊపిరి పోయేలోపట మనుమణ్ణి ఎత్తుకోవాలె." అనంతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "దీన్ని చూస్తే నాకు మాత్రం పాపం అనిపియ్యదా? ఏం చేయమంటవు!"

"అత్తమ్మను ఏమనకండి మేడం. నా రాత గంతే," అంది రజని.

డాక్టరు మాట లేకుండానే పెద్దమనుషులు తెగదెంపులు చేశారు. మాఘమాసంలో దినేష్‌కు వడ్డేపల్లి పిల్లతో పెళ్లయింది. కొత్త కోడలు గడప తొక్కేదాకా అత్తకు ఎవరు తోడుంటారని రజని ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పెళ్లయిన రోజే సాయంత్రం పెద్దమందడికి, పుట్టింటికి బయలుదేరింది.

ఆ సంగతి తెలిసి షాజియా బస్టాండుకు పరుగెత్తింది. వనపర్తి బస్సులో కిటికీ పక్కన, ఒళ్లో బట్టల మూటతో కూర్చుని ఉంది రజని. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"నీల ఏ లోపం లేదు రజనీ. ఎవరేమన్నా నమ్మకు. రేపు ఇంకో ఇంటికి పోతే నువ్వు గూడ తల్లివైతవు."

"నాకెందుకు మేడం ఇప్పుడు అవన్ని?" రజని నవ్వబోయింది, కానీ నవ్వు రాలేదు. "నాకు ఒక్క సాయం చేయండి. కొత్తామెను గూడ మా అత్తమ్మ మీ దగ్గరికే తోలుకొస్తది. ఆమెకు మా ఇంటి సంగతులేవీ తెల్వయి. జర మీరన్న చెప్పాలె."

"ఏం చెప్పాలె?"

బస్సు కదిలింది. కిటికీ ఊచ పట్టుకుని షాజియా కూడా నడిచింది. రజని తల బయటికి పెట్టి, కండక్టర్ విజిల్‌ను మించి వినపడేలా గొంతు పెంచింది.

"అత్తమ్మకు రాత్రి దమ్మొస్తే అటొకరు ఇటొకరు పట్టి లేపాలె మేడం, అందుకే పెండ్లయిన నాటి సంది ముగ్గురం కలిసే పండుకుంటుంటిమి, అత్తమ్మ నడుమ... కొత్తామెను గూడ గట్లనే చేయమనండి, ఆరేండ్లల్ల నేను, ఆయన ఒక్కనాడు గూడ పక్క మార్చలే!"