ఇంకాస్త మెరుపు

“ఇంకా మెరవాలమ్మా,” అంది ప్రభావతి, అద్దానికి బుగ్గ దగ్గరగా పెట్టి.

తాడేపల్లిగూడెం బజారులో ఆ ఫ్యాన్సీ షాపు కౌంటర్ వెనకున్న ఇందు నవ్వు ఆపుకుంది. కాలేజీ పిల్లలు తప్ప ఇంకెవరూ ముట్టుకోని హైలైటర్ డబ్బాలన్నిటికీ, యాభై దాటిన ఈ గణపవరం ఆవిడ వచ్చి వరసపెట్టి మూతలు తీయించింది. ముత్యం రంగు, గులాబీ బంగారం, లేత బంగారం... చేతి మీదంతా చారలు చారలుగా రాయించుకుని, ఒక్కోదానికీ పెదవి విరిచింది.

“ఆంటీ, హైలైటర్ అంటే బుగ్గ ఎముక మీద కాస్త తళుక్కుమనాలండి. మొహమంతా పూసుకోరండి.”

“కాస్తంటే చాలదమ్మా. నువ్వా గుమ్మం దగ్గరికెళ్లి నిలబడు. అక్కణ్నించి కనబడుతోందా?”

ఇందు వెళ్లి నిలబడింది. “కనబడుతోందండి.”

“బాగా?”

“బస్సులోంచి చూసినా కనబడుద్దండి! ఇంతకీ ఎవరి పెళ్లండీ?”

ప్రభావతి మొహం చిన్నబోయింది. “పెళ్లి కాదమ్మా. మా ఆయన నన్ను చూడాలి.”

అనేశాక సిగ్గు ముంచుకొచ్చింది. ఈ వయసులో, ముక్కూ మొహం తెలీని పిల్లతో అనాల్సిన మాటేనా అది! కానీ ఇంకెవరితో చెప్పుకుంటుంది? పిల్లాజెల్లా లేని ఇల్లు, అదీ ఊరికి దూరంగా చేపల చెరువు గట్టు మీద. భర్త ఎలీయాజరు ఆ చెరువుకి కాపలా. ఉన్నదే ఇద్దరు మనుషులు. అందులో ఒకరు రెండోవాళ్లని చూడడం మానేస్తే ఆ ఇల్లు ఎంత పెద్దదైపోతుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఒకప్పుడు ఇలా కాదు. జడలో ఇన్ని పూలు పెట్టుకుంటే చాలు, “ఏమిటే ప్రభా, ఇవాళ కనకాంబరాలా!” అనేవాడు. ఇప్పుడు మామిడిపండు రంగు కొత్తచీర కట్టుకుని ఎదురుగా అటూ ఇటూ తిరిగినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. రాత్రి భోజనాలయ్యాక బైబిలు ఎప్పుడూ ఆయనే చదివేవాడు. ఈమధ్య “నువ్వే చదువు” అని ఆవిడ ముందుకి తోసేస్తున్నాడు. మొన్న ఆదివారం చర్చి మెట్ల దగ్గర నలుగురు ఆడవాళ్ల మధ్య నిలబడి ఉంటే, ఎవరో పరాయిమనిషి అన్నట్టు పక్కనించే వెళ్లిపోయాడు. ఆ నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. ప్రభావతికి తల కొట్టేసినట్టయింది.

ఇక పాస్టరుగారి భార్య సంగతి. ఎండకి తళుక్కుమనే బంగారు ఫ్రేము కళ్లజోడు పెట్టుకుని ఇంటింటికీ ప్రార్థనకి వచ్చే ఆవిణ్ని ఊరంతా అమ్మగారు అంటారు. ఆవిడ గుమ్మంలో అడుగుపెడితే చాలు, ఎలీయాజరు పెళ్లాన్ని టీ పెట్టమని లోపలికి పంపేసి గుసగుసగా ఏదో చెప్పుకుంటాడు. నా మీద చాడీలే అయ్యుంటాయనుకుని ప్రభావతి పొయ్యి దగ్గర కళ్లొత్తుకునేది.

“అంకుల్‌గారు అసలు దేన్నీ చూడరాండీ?” అంది ఇందు.

“ఎందుకు చూడరూ! చెరువు మీద పిట్టలు వాలకుండా రిబ్బన్లు కడతారు చూడు, ఎండకి తళతళలాడుతుంటాయే, పొద్దస్తమానం వాటికేసే చూస్తారు. ఆ రిబ్బన్లపాటి చెయ్యనా నేను?”

ఇందు మరి నవ్వలేదు. ఆవిణ్ని స్టూలు మీద కూచోబెట్టి పెద్ద పాలెట్ ఒకటి తెరిచింది. రాగి రంగు మెటాలిక్ ఐషాడో వేలికి తీసుకుని కనురెప్పల మీద మెల్లగా అద్దింది. నుదుటికి, బుగ్గలకి, ముక్కు దూలానికి అన్నిట్లోకీ ఎక్కువ మెరిసే హైలైటర్ పెట్టింది. తన మొహాన్ని ఒకరు ఇంత నెమ్మదిగా ముట్టుకుని ఎన్నాళ్లయిందో! ప్రభావతికి కళ్లు చెమర్చాయి.

“ఏడవకండి ఆంటీ, రెప్పల మీదది కారిపోద్ది,” అని ముద్దుగా కసిరి, చీర మీద ఇంత సెంటు కూడా కొట్టి పంపింది ఇందు.

సాయంత్రం బస్సుకి వస్తానన్న మనిషి ఆగలేక ఆటో ఎక్కేసింది. జనం వింతగా చూస్తుంటే దారి పొడుగునా కొంగు అడ్డం పెట్టుకుంది. గట్టు దగ్గర దిగేసరికి ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ఎలీయాజరు వాకిట్లో మంచం మీద కూచుని, ఎప్పట్లాగే చెరువుకేసి చూస్తున్నాడు.

ప్రభావతి చెప్పులు విడిచి, చప్పుడు చెయ్యకుండా వెళ్లి ఆయనకెదురుగా ఎండలో నిలబడింది. కొంగు తీసేసింది. ఈసారి తను పలకదు గాక పలకదు, ముందు ఆయనే పలకాలి.

ఎలీయాజరు తల తిప్పాడు.

చూశాడు! ఇన్నాళ్లకి, తిన్నగా ఆవిడ మొహంలోకే చూశాడు. చూపు పక్కకి పోనివ్వకుండా అలాగే చూస్తున్నాడు. ఆ షాపు పిల్ల చల్లగా ఉండాలి అనుకుంది ప్రభావతి.

ఆయన గబుక్కున లేచి భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. “అమ్మగారాండీ! రండి, రండి.”

ప్రభావతికి నవ్వు తన్నుకొచ్చింది. పరాచికాలు! మళ్లీ ఈ మనిషి నోట పరాచికాలు వింటాననుకుందా! నవ్వు బయటపడితే ఆట చెడుతుందని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“మా ప్రభావతి గూడెం వెళ్లిందండి. మంచి సమయానికొచ్చారు, ప్రార్థన చేసేసెయ్యండి. అది ఉండగా వద్దండి.”

నవ్వు ఆపుకుంటూనే ఆవిడ ఇంకో అడుగు దగ్గరికి వేసింది. ఎలీయాజరు చేతులు జోడించి తల వంచాడు.

“నాకు చూపు పోయిన సంగతి దానికింకా తెలీదండి.”