ఇరవైకి ఇరవై తప్పులు

అన్నీ తప్పే చెప్పాలంటే మనిషికి ఎంత తెలిసి ఉండాలి? పదేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

అమెరికాలో మినసోటాలోని మా మానసిక వైద్యశాలలో, మతి నిలకడ లేక విచారణ ఆగిన నిందితులకు కోర్టు సంగతులు అర్థమయ్యేదాకా పాఠాలు చెబుతాం. అర్థమైందని నేను రాసిస్తేనే విచారణ. ఊరి మంచు తోసే బండి ఎత్తుకెళ్లి వీధులన్నీ శుభ్రం చేసిన ఘనుడు ఆర్విడ్. శుక్రవారం శుక్రవారం జరిగే మా ఉత్తుత్తి కోర్టులో జడ్జి వేషం ఆయనదే.

ఆయనకు పరీక్ష పెట్టాను.

"జడ్జి ఏం చేస్తాడు?"

"రొట్టెలు కాలుస్తాడు."

"మరి లాయరు?"

"వెన్న రాస్తాడు."

ఇరవై ప్రశ్నలకూ ఇదే వరస. అవునా కాదా అని అడిగినవాటిక్కూడా తప్పు జవాబే.

"పొరపాటున కూడా ఒక్కటీ ఒప్పు కాలేదంటే మీకు అన్నీ తెలుసన్నమాట, జడ్జిగారూ!"

ఆయన పకపకా నవ్వాడు. "అరెరె, రెండు సరిగ్గా చెప్పాల్సింది! పక్క గది లొరేన్ నా కోర్టులో తప్ప నోరు విప్పదు డాక్టరమ్మా. ఆవిడ పాఠం అయ్యేదాకా నన్ను ఫెయిల్ చెయ్యరాదూ?"

"మీది చిన్న కేసు. వెళితే వారంలో ఇంట్లో ఉంటారు."

"ఇల్లెక్కడికి పోతుందిలే."

ఆయనకు అన్నీ తెలుసనే రాశాను. కానీ లొరేన్ పాఠం పూర్తయ్యాకే సంతకం పెట్టాను. అప్పటిదాకా, మూడు శుక్రవారాలు, నేనూ ఏమీ తెలియనట్టే ఉన్నాను.

అది వైద్యమో, కోర్టును మోసగించడమో ఇప్పటికీ తేల్చుకోలేను.