ముట్టించని పొయ్యి

లక్ష్మీనర్సమ్మ చెప్పులు కూడా విడవకుండా కోడలి వంటింట్లోకి పోయి గ్యాసు పొయ్యి మీద వేలు పెట్టి గీసింది. వేలికి దుమ్ము అంటింది. ఆ వేలు తెచ్చి కోడలి ముక్కు ముందర పెట్టింది.

"ఇదేందే? వెనకింటి యాదమ్మ చెప్తె నమ్మలే. రెండు నెలల సంది ఈ ఇంట్ల కుక్కర్ కూత ఇనలేదంట. మా కట్టంగూరు దాక పాకింది నీ ముచ్చట!"

నాగరాణి లోపలి అర్ర తలుపు దగ్గరికి వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"జర మెల్లగ అత్తమ్మా."

"మెల్లగెందుకు? వాడకట్టంత ఇనని. నా కొడుకు హోటల్ల వంట మాస్టరు. దినాం మూడొందల మందికి వండి పెడ్తడు. వానికి ఇంటికొస్తె పిడికెడు బువ్వ లేదా?"

తలుపు పక్కన స్టూలు, దాని మీద ఒక చాట. చాటలో నాలుగు అరటిపండ్లు, గిన్నెలో బండి మీద కొన్న ఉడికిన గుడ్లు, ఒక పెరుగు కప్పు, పుట్నాలు, బెల్లం ముక్క, అటుకుల పొట్లం. గుడ్లకు పొట్టు కూడా తీసి ఉంది.

"ఇదేనా మీ ఇంటి వంట?"

"డాక్టరమ్మ చెప్పిందత్తమ్మా. మనసు బాగలేనప్పుడు బియ్యం కడుగుడు సుత గుట్ట ఎక్కినట్టుంటదట. పొయ్యి జోలికి పోకుండ తినేటియి చేతికందేటట్టు పెట్టుకోమన్నది. కుదిరితె గుడ్డు, లేకుంటె పెరుగుల ఇన్ని అటుకులు. గది సుత చాలన్నది."

"మనసు బాగలేదా!" లక్ష్మీనర్సమ్మ చేతులు తిప్పింది. "మీ మామ పోయిన పదకొండొద్దులకే నేను గొర్ల ఎంబడి పోయిన. వచ్చి గటుక వండుకున్న. నా మనసెట్లుందని ఎవలన్న అడిగిన్రా? ఇంకో మనిషి పొట్టు తీసి పెడ్తె గుడ్లు మింగే రోగం మా తాతల కాలంల లేదు."

"తాలింపు వాసన తగిల్తే..." అని నాగరాణి ఆగిపోయింది.

"తగిల్తే?"

"ఏం లేదు."

"నువ్వు అన్నిటికి 'ఏం లేదు' అనుడే. దసరకొచ్చినప్పుడు నేను గొర్లను పిలుస్తుంటె నాగేందర్ ఆ పిలుపును సెల్లుల పట్టుకున్నడు. 'నువ్వు ఫోన్ చేస్తె గిదే మోగుతదే అమ్మా, హోటలోళ్లంత నవ్వి సావాలె' అన్నడు. అసొంటి పిలగాడు ఇప్పుడు నా ఫోనే ఎత్తుతలేడు. ఏం మందు పెట్టినవే వానికి?"

నాగరాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. "జర ఓపిక పట్టు అత్తమ్మా. మొన్న ఒక్క గుడ్డు. నిన్న రెండు లోపలికి పోయినయి."

"అయితె డప్పు కొట్టియ్యాల్నా, నా కోడలు రెండు గుడ్లు తిన్నదని?"

అంటూనే లక్ష్మీనర్సమ్మ చాటను ఒక్క తోపు తోసింది. గుడ్లు బండల మీద దొర్లాయి. పెరుగు కప్పు పగిలింది. నాగరాణి కిందికి వంగి ఒక్కొక్క గుడ్డు ఏరి, కొంగుతో తుడిచి, మళ్లీ గిన్నెలో పెట్టసాగింది. ఒక అరటిపండు నలిగింది. దాన్ని పక్కన పెట్టి, నలగని వాటిని తలుపు వైపే జరిపింది.

ఆ పద్ధతి చూసి అత్తకు ఒళ్లు మండింది.

"నేను ఒర్రుతాంటె గుడ్లు తుడుస్తున్నవా? లే! బట్టలు సదురుకో. ఇయ్యాలే నిన్ను మీ అవ్వగారింట్ల దించి వస్త. వానికి నేను వండి పెడ్త."

"నన్ను పంపకు అత్తమ్మా. ఒక్క నెల ఆగు."

"ఒక్క దినం ఆగ. నేనో నువ్వో, వాడే చెప్పాలె. హోటల్ల ఎంత గిరాకి ఉన్నా సరే, వంట ఆడనే ఇడిసి ఇప్పుడే రావాలె."

లక్ష్మీనర్సమ్మ బొడ్లో సంచి విప్పి ఫోను తీసింది. నాగరాణి గిన్నె వదిలేసి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు చెయ్యకు. నీ కాళ్లు మొక్కుత. నీకు చెప్పనని ఒట్టేసిన."

"చెయ్యి తియ్యి! ఏం నాటకాలే ఇవి?"

విదిలించుకుని కొడుకు ఫొటో మీద గట్టిగా నొక్కింది. ఫోను చెవికి ఆనించుకుని, ఎత్తగానే తిట్టాల్సిన మాటలు నోట్లో సిద్ధం చేసుకుంది.

మూసిన అర్ర తలుపు వెనక నుంచి ఆమె గొంతే ఆమెను పిలిచింది: "దా... దా... దా బిడ్డా, పొద్దుగూకింది, ఇంటికి దా!"